ఓ పెంటయ్యా! — ఆయుర్వర్ధని అను టీకా తాత్పర్యము

మూలం

ఓ పెంటయ్యా! మెట్టుగూడల దిగినవా? మెట్ల దిక్కు పోకు, లిఫ్టుల రా. జల్ది రా, ఈడ నీ పేరు పిలుస్తున్రు!

అవతారిక

ఈ వాక్యానికి కర్త రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. స్థలం మెట్టుగూడ. కాలం పొద్దున తొమ్మిది దాటాక. సాధనం సెల్‌ఫోను. లాలాగూడ వర్క్‌షాపులో తనతో పాటు ఇనుము మోసిన స్నేహితుడు బీపీ మాత్రల కోసం రైల్వే దవాఖానకు మెట్రోలో వస్తున్నాడు. కర్త ముందే వచ్చి ఇద్దరి పేర్లతో చిట్టీలు రాయించి బెంచీ మీద కూర్చున్నాడు. అక్కడి నుంచి, ఫోను లేకపోయినా వినపడేంత గొంతుతో, పై మాటలన్నాడు. వీరం, రౌద్రం, కరుణ మూడూ ఇందులో ఉన్నాయి. శృంగారం లేదు. ఎనభై ఏళ్ల ఇద్దరు మగవాళ్ల సంభాషణ కాబట్టి ఆక్షేపించడానికి వీల్లేదు.

మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసు కావ్యాలకు సంజీవని అనే వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాతకు ఆయన మీద గౌరవం ఉంది గాని ఒట్టు లేదు. పైగా కాళిదాసుకు ఉన్న సౌకర్యం మన కర్తకు లేదు. కాళిదాసు నాయకులు దిలీపుడు, రఘువు, అజుడు. పేరు వింటేనే పాఠకుడు లేచి నిలబడతాడు. ఇక్కడ నాయకుడి పేరు వినగానే బెంచీ మీది కుర్రవాళ్లు ఫోన్లలోంచి తలెత్తి చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ నవ్వుకు సమాధానంగానే ఈ టీక.

ప్రతిపదార్థం

ఓ = దూరాన ఉన్నవాణ్ణి పిలిచే సంబోధన. దూరపు పిలుపుకు ప్లుతం రావాలని, అంటే మూడు మాత్రల కాలం సాగాలని వ్యాకరణం. కర్త ఏడెనిమిది మాత్రల దాకా లాగాడు. వచ్చిందే మాత్రల కోసం గనక లెక్క చూసుకోలేదు.

పెంటయ్యా = పెంట అనే పేరుగల అయ్యా. ఇక్కడ టీక కొంతసేపు ఆగుతుంది. తొందరున్న పాఠకులు ముందే వెళ్లి లిఫ్టు దగ్గర నిలబడవచ్చు.

పెంట అంటే ఊడ్చిన చెత్త, పశువుల పేడ, ఆ రెండూ కలిపి ఇంటి పక్కన వేసే కుప్ప. ఈ అర్థం మింగుడుపడక కొందరు వేరే దారులు వెతికారు. మొదటి పూర్వపక్షం అడవి దారి. నల్లమలలో చెంచుల ఆవాసాన్ని పెంట అంటారు. నాగర్‌కర్నూల్ జిల్లాలో అప్పాపూర్ వైపు లోపలికి వెళితే ఊళ్ల పేర్ల చివర ఈ మాట ఇప్పటికీ వినపడుతుంది. కాబట్టి పెంటయ్య అంటే గూడెం పెద్ద అనీ, సంస్కృతంలో చెప్పాలంటే గ్రామణి అనీ వీరి వాదం. ఈ వాదం చేసేది సాధారణంగా పెంటయ్యల మనవలు. వినడానికి బాగానే ఉంది. కాని నల్లమల మొహం చూడని మెదక్, కరీంనగర్ పల్లెల్లో ఈ పేరు ఎందుకు తిరిగిందో వాళ్లు చెప్పరు.

రెండోది పురాణ దారి. భారతం ఆనుశాసనిక పర్వంలో లక్ష్మీదేవి ఆవుల దగ్గరికి వచ్చి మీలో నాకింత చోటివ్వండి అంటుంది. నువ్వు చంచలవు, వద్దు పొమ్మంటాయవి. ఆమె బతిమాలగా బతిమాలగా చివరికి తమ పేడలోనూ మూత్రంలోనూ ఉండనిస్తాయి. అందువల్ల పెంటే లక్ష్మి, పెంటయ్యే లక్ష్మీపతి. రైతు కూడా ఈ పక్షానికి చెయ్యెత్తుతాడు, ఎందుకంటే తొలకరికి ముందు బండ్లకెత్తి చేనికి తోలే ఎరువు ఆ కుప్పే. అయినా ఇదీ నిలవదు. సిరి కావాలనుకున్నవాడు కొడుక్కి లక్ష్మయ్య అని నేరుగానే పెట్టుకుంటాడు. పేడ మీదుగా చుట్టు తిరిగి రాడు.

సిద్ధాంతం చెబుతున్నాం. వరసగా బిడ్డలు పుట్టి పోతున్న ఇంట్లో మళ్లీ ఒక కాన్పు అవుతుంది. ఈసారి బిడ్డను మంత్రసాని చేతుల్లోంచి తల్లి అందుకోదు. చాటలో పడుకోబెట్టి తీసుకెళ్లి పెంటకుప్ప మీద పెడతారు. పారేసినమని పైకి అంటారు. ఆ అనడం ఇరుగుపొరుగు కోసం కాదు. ఇంతకు ముందు పిల్లల్ని ఎత్తుకుపోయినదేదో ఉంది, అది వినాలి. కాసేపటికి పక్కింటామె ఆ బిడ్డను ఎత్తుకుని, ఎవరో పారేసిన పిల్ల దొరికింది, కొంటవా అని గుమ్మంలోకి వస్తుంది. తల్లి ఇంత తవుడో, నాలుగు గవ్వలో, ఒక పాత గుడ్డో ఇచ్చి కొంటుంది. కొన్న బిడ్డ కాబట్టి తన కడుపున పుట్టింది కాదు. తన కడుపున పుట్టలేదు కాబట్టి తన గాచారం దానికి అంటదు. వదులుకున్నారు, మరొకరికి దొరికింది, మూల్యం చెల్లించి కొన్నారు. ధర్మశాస్త్రం చదివినవాడు కూడా తప్పు పట్టలేని బేరం. రాతపూర్వకంగా ఏమీ లేదు గనక పేరే దస్తావేజు అయింది. ఆ పిల్లవాణ్ణి అన్నానికి పిలిచినా, ఆటలోంచి పిలిచినా, ఎక్కడో పొంచి ఉన్న ఆ వినేవాడికి దస్తావేజు మరోసారి చదివి వినిపించినట్టే. ఇది పారేసిన సరుకు, నీకు పనికిరాదు, పో.

కాబట్టి ఇక్కడ పెంట శబ్దానికి వాచ్యార్థం చెత్త. లక్ష్యార్థం చావుకు అక్కరలేనిది. వ్యంగ్యార్థం, ఏడుపు ఆపుకుంటూ గుమ్మంలో తవుడు కొలిచే తల్లికి ఇంతకంటే అపురూపమైనది లోకంలో ఇంకొకటి లేదని. ఉత్తమ కావ్యానికి వ్యంగ్యమే ప్రాణమని ఆనందవర్ధనుడి మతం. మూడక్షరాల్లో ఇంత ధ్వని పెట్టిన కవి పేరు ఏ అలంకార గ్రంథంలోనూ లేదు, ఆమెకు బహుశా సంతకం కూడా రాదు.

బిడ్డను ఎక్కడ పెట్టారు, ఎంతకు కొన్నారు అన్నదాన్ని బట్టి ఈ పేరుకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఏర్పడ్డారు. కుప్ప మీద పెడితే కుప్పయ్య. తిని వదిలిన విస్తరాకు పుల్లాకు. దాని మీద పెడితే పుల్లయ్య, పుల్లమ్మ. తవుడిచ్చి కొంటే తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు వీరి స్వస్థానం. జోలె పట్టి అడుక్కున్న బియ్యం వండిపెట్టి, అడుక్కొచ్చిన గుడ్డలు తొడిగితే బిచ్చయ్య, భిక్షమయ్య, భిక్షపతి. పిచ్చయ్యను పిచ్చివాడనుకుని నవ్వేవాళ్లు ఒకసారి దక్షిణానికి తిరిగి చూడాలి. తమిళంలో పిచ్చై అంటే భిక్ష. గూగుల్‌ను నడిపే సుందర్ పిచ్చై పేరు చివర కూర్చున్నదీ ఆ భిక్షే. కొన్ని ఇళ్లలో ఇది చాలదని మగపిల్లవాడికి ముక్కు కుట్టించి ఆడపిల్లలా పెంచేవారు. తెలంగాణలో, గుంటూరు నెల్లూరు వైపు మరో ఎత్తు ఉంది: హిందువుల ఇంట పుట్టినవాణ్ణి దర్గాకు ఒప్పజెప్పి సైదులు, మస్తానయ్య, ఫకీరయ్య అని పిలవడం. మతం మారిన చిరునామాకు యముడి కాగితం చేరదని ధీమా.

పోచయ్య, మైసయ్య, ఎల్లయ్య అన్న పేర్లను వీటిలో కలపకూడదు. అవి అమ్మవారికి పెట్టుకున్న అర్జీలు. పెంటయ్య అర్జీ కాదు, మారువేషం. ఒకటి దేవతను నమ్మడం, రెండోది మృత్యువును నమ్మించడం. అర్జీ తిరస్కరించవచ్చు. మారువేషంలో ఆ ఇబ్బంది లేదు, పట్టుబడితే తప్ప.

ప్రమాణాలు

ఇదంతా పల్లెటూరి మూఢత్వమని తోసేసేవారికి వేదం నుంచే ప్రమాణం చూపుతాం. ఐతరేయ బ్రాహ్మణంలో అజీగర్తుడనే పేద బ్రాహ్మణుడున్నాడు. ముగ్గురు కొడుకులు: శునఃపుచ్ఛుడు, శునఃశేపుడు, శునోలాంగూలుడు. మూడు పేర్లకూ అర్థం ఒక్కటే, కుక్కతోక. ఆంగిరస గోత్రంలో పుట్టిన పండితుడికి ముగ్గురు పిల్లలకు పేర్లు పెట్టడానికి కుక్కతోక తప్ప మాట దొరకలేదా? దొరకక కాదు. కరువులో పుట్టిన పిల్లలు మరి. తర్వాతి కథ అందరికీ తెలిసిందే. తండ్రి పెద్దవాణ్ణి వదలనన్నాడు, తల్లి చిన్నవాణ్ణి వదలనంది, నడిమివాణ్ణి నూరు ఆవులకు అమ్మారు. యూపస్తంభానికి కట్టినవాడు బతికి బయటపడ్డాడు. ఆ కట్లు వరుణుడి దయ వల్ల ఊడాయని వేదవిదులు అంటారు. పేరు మహిమ కూడా కొంత ఉందని వ్యాఖ్యాత అభిప్రాయం. విశ్వామిత్రుడు ఆ తర్వాత అతణ్ణి కొడుకుగా స్వీకరించి దేవరాతుడని పేరు మార్చాడు. గండం గడిచాక గెజిట్‌లో పేరు మార్చుకునే ఆచారానికి ఇదే మొదలు.

వ్యాఖ్యాతల కులంలోనే ఇంకో ప్రమాణం ఉంది. వామనుడి కావ్యాలంకార సూత్రవృత్తికి కామధేనువు అనే వ్యాఖ్య రాసినవాడు పదిహేనో శతాబ్దపు సాళువ వంశీయుడు గోపతిప్ప భూపాలుడు. సంస్కృతంలో ఆయన గోపేంద్ర త్రిపురహర భూపాలుడు. తిప్పను త్రిపురహరుడిగా మార్చిన ఆ నేర్పుకు చేతులెత్తి మొక్కాలి. ఎందుకంటే కన్నడంలో తిప్పె అంటే పెంటకుప్పే. చిత్రదుర్గం జిల్లా నాయకనహట్టిలో తిప్పేరుద్రస్వామికి రథోత్సవం జరుగుతుంది, ఆ చుట్టుపక్కల తిప్పేస్వామి అనే పేరు తగలని వీధి లేదు. మన అనంతపురం, కర్నూలు వైపు వారు తిప్పయ్యలు, తిప్పమ్మలు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది అవచి తిప్పయ్యశెట్టికి. చీనాంబరాలు, కర్పూరాలు ఓడలకెత్తించిన వర్తకుడాయన. అలాంటివాడి ఇంటి గడప మీద కూడా ఈ కుప్ప కూర్చున్నదంటే, కవిసార్వభౌముడు కూడా దానికి పద్యాలు కట్టాడంటే, మెట్టుగూడ బెంచీ మీద కుర్రవాళ్లు నవ్వడంలో చదువు తక్కువే కనిపిస్తోంది.

దేశాంతర ప్రమాణాలు కావాలంటే అవీ ఉన్నాయి. రోమన్ల ఏలుబడిలోని ఈజిప్టులో గ్రీకు భాషలో రాసిన పత్రాల మీద కొప్రెయుస్ అనే పేరు మాటిమాటికీ కనిపిస్తుంది. కొప్రోస్ అంటే పేడ. అక్షరాలా పెంటయ్య. కుప్ప మీద దొరికిన పిల్లలకు పెట్టారా, కుప్ప మీద దొరికినట్టు నటించి పెట్టారా అని పండితులు వాదించుకుంటారు. మనవాళ్లను అడిగితే రెండూ ఒకటే అంటారు. చైనాలో గౌషెంగ్, కుక్క తినగా మిగిలినవాడు. కొరియాలో పసివాళ్ల ముద్దుపేరు కుక్కపెంట. మహారాష్ట్రలో దగడు, ధోండు, అంటే రాయి, రాయిని ఎవరెత్తుకుపోతారు? బెంగాల్‌లో తీన్‌కౌడీ, మూడు గవ్వలవాడు.

ఆ బెంగాల్‌దే ఇంకొకటి చెప్పక తప్పదు. 1889లో పుట్టిన ఒక పిల్లవాణ్ణి, అతని ముందు పుట్టిన మగపిల్లలు దక్కలేదని, తల్లి తన పెద్దకూతురికి మూడు పిడికిళ్ల నూకలకు అమ్మింది. నూకలను అక్కడ ఖుద్ అంటారు. వాడు ఖుదీరాం అయ్యాడు. ఖుదీరాం బోస్. 1908 ఆగస్టు 11న ముజఫర్‌పూర్ జైల్లో ఉరి తీసేటప్పటికి పంతొమ్మిదో ఏడు కూడా నిండలేదు. నూకలు చెల్లడం అన్న మన జాతీయం ఇక్కడ వాడడానికి కలం రావడం లేదు. ఈ పేర్ల పూచీ పురిటి గండాల వరకే; తెల్లదొరల కోర్టులకు వర్తించదు.

ప్రచారం

పేరు ఎంత చలామణీ అయిందో చూస్తే, కోస్తాలో పుల్లయ్యదే పైచేయి. చిత్తజల్లు పుల్లయ్య 1934లో లవకుశ తీశాడు, పోలుదాసు పుల్లయ్య 1960లో శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం తీశాడు. రాముడూ వెంకటేశ్వరుడూ ఇద్దరూ ఎంగిలి విస్తరాకు పేరు పెట్టుకున్నవాళ్ల చేతి మీదుగానే తెర మీదికి వచ్చారు. చెప్పింది పూర్తిగా వినకుండా వేమవరం వెళ్లొచ్చిన పుల్లయ్య వేరు, అతని కథ సామెతలోకి వెళ్లిపోయింది. పిచ్చయ్య వర్గంలో శిఖరం జమ్మలమడక పిచ్చయ్య. 1918లో పుట్టాడు. ఇన్‌ఫ్లూయెంజా ఈ దేశంలో కోటిమందికి పైగా పొట్టన పెట్టుకున్న ఏడాది అది. బాల్ బ్యాడ్మింటన్‌లో 1970లో అర్జున అవార్డు తీసుకుని, నూరేళ్లు దాటి, 2021 డిసెంబరులో వరంగల్‌లో కన్నుమూశాడు. పేరు పనిచేసిందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏ శాస్త్రమూ అడగదు.

పెంటయ్య తెలంగాణ పేరు. ఒకప్పుడు ఊళ్లో ఒకడైనా ఉండేవాడు. ఇప్పుడు బళ్లో హాజరు పట్టీలు తిరగేస్తే ఆ పేరు పిల్లల గడిలో ఉండదు, తాతల గడిలో ఉంటుంది. కారణం అడిగితే సిగ్గు అంటారు, సినిమాలంటారు, ఫ్యాషన్ అంటారు. వ్యాఖ్యాత ఒప్పుకోడు. సిగ్గు పేరును మార్చగలదు, పుట్టకుండా ఆపలేదు. 1971లో దేశంలో పుట్టిన వెయ్యిమంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండా పోయారని ప్రభుత్వపు నమూనా నమోదు లెక్క. అదే లెక్క 2020 నాటికి 28, తెలంగాణలో 21. ఈ రెండు అంకెల మధ్యే పెంటయ్య తగ్గిపోయాడు. మశూచి 1975 తర్వాత ఈ దేశంలో ఎవరికీ రాలేదు. టీకాలొచ్చాయి (ఇక్కడ టీకా అంటే వ్యాఖ్య కాదని మనవి), ఏఎన్ఎం ఇంటికొచ్చింది, కాన్పు ఆసుపత్రికి మారింది. బిడ్డను పెంటకుప్ప మీద పెట్టాల్సిన అవసరం ఏ తల్లికీ రాకపోతే పేరు ఎక్కడి నుంచి వస్తుంది? అది మోటుపేరని వదిలేసినవాళ్లు కొందరే. పని తీరిపోయి కూలి అడక్కుండా వెళ్లిపోయింది ఎక్కువ.

ఇంకో సంగతి. పిల్లల్ని ఎత్తుకుపోయే ఆ అదృశ్యశక్తి చేతివాటం బయటపడ్డది ఈ సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న బేగంపేట దగ్గర రొనాల్డ్ రాస్ ఒక దోమను కోసి, దాని కడుపులో మలేరియా పురుగును చూశాడు. ఆ దోమలకు ఒళ్లప్పగించిన రోగి హుసేన్ ఖాన్‌కు కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. అంతకు ముందు దయ్యం అనుకున్నదానికి రెక్కలు, ఆరు కాళ్లు ఉన్నాయని తేలింది. పెంటకుప్ప పక్కనే నీళ్లు నిలుస్తాయనీ, దోమ అక్కడే పుడుతుందనీ తెలిసి ఉంటే ఆ తల్లి బిడ్డను కనీసం ఇంకొంచెం ఎడంగా పెట్టేది.

మరొక పూర్వపక్షం, ఇది బలమైనది

నవ్వే కుర్రవాళ్లకు సమాధానం చెప్పడం తేలిక. కోపంగా అడిగేవాడికి చెప్పడం కష్టం. ఆయన అంటాడు: ఇదంతా కథ. మనుస్మృతి రెండో అధ్యాయంలో బ్రాహ్మణుడికి మంగళకరమైన పేరు, క్షత్రియుడికి బలం తోచే పేరు, వైశ్యుడికి ధనం తోచే పేరు, శూద్రుడికి అసహ్యం తోచే పేరు పెట్టాలని రాసి ఉంది. పెంటయ్య అలా పెట్టించిన పేరు, మీరు దానికి తల్లిప్రేమ పూత పూస్తున్నారు.

దీన్ని తోసెయ్యడానికి వ్యాఖ్యాతకు ధైర్యం లేదు, తోసెయ్యకూడదు కూడా. అవచి తిప్పయ్యశెట్టినీ సినిమా పుల్లయ్యలనూ చూపించి అన్ని కులాల్లోనూ ఈ పేర్లున్నాయని అనొచ్చు, అది నిజమే. కాని శెట్టి ఇంట్లో తిప్పయ్య వీధిలోకి వచ్చినా తిప్పయ్యగారే. గడీ ముందు నిలబడ్డ పెంటయ్య పెంటిగాడు అయ్యేవాడు. రామయ్యను రామిగా, లక్ష్మిని లచ్చీ అన్న నోళ్లు అవి. మంచి పేరున్నా మిగలనిచ్చేవి కావు. తల్లి పెట్టినప్పుడు చావును మోసం చేసిన మాట, దొర నోట్లో పడి మనిషిని తక్కువ చేసింది. మాట ఒకటే, పలికేవాడు మారాడు. హైదరాబాదులో ఆది హిందూ ఉద్యమం నడిపిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి వర్మగా మారడం వెనక ఉన్నది ఈ లెక్కే. పేరు మార్చుకున్నవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

అందుకే మూలంలోని అయ్యా అన్న ప్రత్యయం మీద ఇంకొక్క క్షణం నిలవాలి. పాఠాంతరాలు ఉన్నాయి: పెంటన్నా, పెంటులూ, ఒక ఇంజనీరింగ్ మనవడి ప్రతిలో పెంటియమ్మూ. కర్త ఇవేవీ తీసుకోలేదు. యాభై ఏళ్ల స్నేహంలో అరేయ్, ఒరేయ్ అనుకునే చనువుండి కూడా, దవాఖానలో పదిమంది ముందు పిలవాల్సి వచ్చేసరికి పూర్తిపేరు, చివర అయ్యతో సహా, పిలిచాడు. ఇందులో లోకజ్ఞత ఉంది.

శేషపదాలు

మెట్టుగూడల = మెట్టుగూడలో. సప్తమి అర్థంలో వచ్చే లో, తెలంగాణలో ల. చిలకలగూడ, వారాసిగూడ, లాలాగూడ అన్న గూడల సమూహంలో ఇదొకటి. 1893లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే లాలాగూడలో వర్క్‌షాపు పెట్టినప్పటి నుంచి ఈ చుట్టుపక్కల రైలు కూతతో పొద్దుపొడుస్తుంది. క్వార్టర్లు, వేపచెట్లు, సెయింట్ ఆంథోనీ చర్చి, దవాఖాన. ఆ వర్క్‌షాపు మస్టర్లలో ఆంథోనీలూ పెంటయ్యలూ ఒకే పేజీలో ఉండేవారు.

ఊరి సంగతి వచ్చింది కాబట్టి ఒక తులనాత్మక పరిశీలన. సికింద్రాబాదుకు ఆ పేరు 1806లో మూడో నిజాం సికందర్ జా వల్ల వచ్చింది. ఆయనకు ఆ పేరు గ్రీకు వీరుడు అలెగ్జాండర్ వల్ల వచ్చింది. అర్థం మనుషుల్ని కాపాడేవాడని. ఎంత గంభీరమైన పేరు! ఆ పేరు మొదట మోసినవాడు క్రీస్తుకు పూర్వం 323లో, ముప్ఫయ్యిమూడు నిండకుండా, బాబిలోన్‌లో జ్వరంతో పోయాడు. లోకం మొత్తం దృష్టి పడే పేరు పెట్టుకుంటే ఇదే గతి. పెంటకుప్ప పేరు పెట్టుకున్నవాడు ఎనభై దాటి, సీనియర్ సిటిజన్ సీట్లో కూర్చుని, ఆ సికందర్ పేరు మోస్తున్న ఊరి మీదుగా ఆకాశంలో తేలుతూ వస్తున్నాడు. ఫిలిప్పు మహారాజు కొడుక్కి పెంటయ్య అని పెట్టి ఉంటే చరిత్ర ఎలా ఉండేదో గాని, ఒలింపియాస్‌కు పుత్రశోకం తప్పేది.

దిగినవా = దిగావా. 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక ఈ క్రియకు అర్థం పెరిగింది. పూర్వం మెట్టుగూడలో దిగడమంటే బస్సు ఫుట్‌బోర్డు నుంచి నేల మీదికి. ఇప్పుడు రైలు నుంచి ప్లాట్‌ఫారానికి, అక్కడి నుంచి టికెట్ల అంతస్తుకు, అక్కడి నుంచి రోడ్డుకు: మూడు దిగుళ్లు. కర్త ఏ దిగుడు గురించి అడిగాడన్నది అస్పష్టం. దోషం కాదు, శ్లేషగా గ్రహించాలి.

మెట్ల దిక్కు పోకు, లిఫ్టుల రా = మెట్లవైపు వెళ్లవద్దు, లిఫ్టులో రా. మెట్టుగూడ, మెట్లు అని వర్ణాలు తిరిగి వచ్చాయి. యమకమని కొందరు, వృత్త్యనుప్రాసమని కొందరు. మోకాళ్లు నొప్పి పుడుతున్నప్పుడు ఈ చర్చ అనవసరం.

జల్ది = త్వరగా. ఉర్దూ. ఇది నిజాము మనకు వదిలిన మాటల్లో అత్యధికంగా వాడబడి అత్యల్పంగా పాటించబడేది.

తాత్పర్యం

వచ్చి మందులు తీసుకో.

విశేషం

ఈడ నీ పేరు పిలుస్తున్రు. ఈ చివరి వాక్యం మీద వ్యాఖ్యాతకు ఒక సందేహం. నిజానికి కిటికీ దగ్గర పిలిచిన పేరు అది కాదు. కంప్యూటర్‌లో ఇంగ్లిషు అక్షరాల్లో ఎక్కిన ఆ పేరును కొత్తగా వచ్చిన హిందీ అమ్మాయి చూసి చదివింది. టకు తకు, దీర్ఘానికి హ్రస్వానికి అక్కడ తేడా లేదు గనక పెంతియా అంది, ఎవరూ లేవకపోయేసరికి పెంటాయ్ అంది. ఏ దయ్యాన్ని ఏమార్చడానికి ఆ పేరు పెట్టారో గాని, ఎనభై ఏళ్ల తర్వాత అది మందులిచ్చే కిటికీని ఏమార్చింది. మూల కర్త మధ్యలో లేచి ఆయనే, ఒస్తున్నడు అని చెయ్యి ఊపాల్సి వచ్చింది.

కొడుకులు, మనవలు ఈ పేరును పొట్టి చేసి పి. అనే ఒక్క అక్షరంలో దాచుకున్నారని లోకం అనుకుంటుంది. అమెరికా వెళ్లినవాళ్ల విషయంలో ఈ దాపరికం తిరగబడుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి నింపితే పూర్తిపేరే రాయాలి. ఏజెంటు తొందరలో తండ్రి పేరో తాత పేరో అక్కడ దిగుతుంది. ఇక డాలస్‌లో ఆ కుర్రవాడి ఆఫీసు తలుపు మీద, బ్యాంకు కార్డు మీద, అక్కడ పుట్టే పిల్లల బర్త్ సర్టిఫికెట్ల మీద అదే. వాళ్లు దాన్ని పెన్‌టాయా అని, మధ్యలో కొంచెం ఊగుతూ పలుకుతారు. ఇటలీ వాళ్లా అని అడిగినవాళ్లు కూడా ఉండొచ్చు. అవునని చెప్పడం పాపం కాదు, ఈ పేరుకు అబద్ధం కొత్తా?